జైలు దీవి మీద నేను తిన్న పులిహోర

ముందే చెప్పేస్తన్నానండి, నాకు రాయడం రాదు. అయిదో తరగతి దాకా చదివాను, అదీ పూర్తిగా కాదు. పరీక్షల ముందు చేపలు బాగా పడతన్నాయని మా అయ్య నన్ను తెప్ప ఎక్కించేశాడు. ఇంక బడి వైపు చూళ్ళేదు. ఒత్తు ఎక్కడ పెట్టాలో, ఏ అక్షరం పొట్టలో చుక్క ఉంటదో నాకు ఇప్పటికీ అనుమానమే. మా ఆవిడ రత్నం నర్సు, బాగా చదువుకుంది. "ఇలా ఇవ్వు, నేను దిద్దుతాను" అంది. ఇస్తే అక్షరాలతో పాటు సంగతులు కూడా దిద్దేస్తదని ఇవ్వలేదు. అందుకని తప్పులు తప్పుల్లాగే ఉన్నాయండి. నవ్వుకుంటే నవ్వుకోండి, మధ్యలో మాత్రం ఆపకండి.

ఎవరి కోసం రాస్తన్నానంటే

మన తెలుగోళ్ళ పిల్లలు, ఇక్కడే పుట్టినోళ్ళు, ఈ మధ్య వేసవిలో పడవల మీద పనికి చేరుతున్నారు. గుళ్ళో కనిపించి "అంకుల్, డెక్‌హ్యాండ్ జాబ్ ఎలా ఉంటాది?" అని అడుగుతారు. నించుని చెప్తే ఒకడు ఫోన్ చూసుకుంటాడు, ఒకడు ప్రసాదం కోసం వెళ్ళిపోతాడు. అందుకని రాస్తన్నాను. చదవడం రాకపోతే మీ అమ్మ చేత చదివించుకోండి.

మా పడవ అమెరికాలో పడమటి ఒడ్డున ఒక పట్నం నించి ఒక చిన్న దీవికి వెళ్ళొస్తది. ఆ దీవి మీద పూర్వం జైలు ఉండేది. జైలు మూసేశాక మనుషులు పోయారు, పక్షులొచ్చాయి. ఇప్పుడు అదంతా ఆ పక్షుల కోసం కాపాడుకుంటన్న దీవి. ఊరి పేరు, దీవి పేరు రాయొద్దని మా కెప్టెన్ అన్నాడు, రాయను. జనం వచ్చి జైలు గదులు చూసుకుని, ఫోటోలు దిగి, గాలికి జుట్టు చెరుపుకుని పోతారు. మన పిల్లలు కూడా ఊరినించి అమ్మానాన్న రాగానే ముందు పెద్ద వంతెన చూపించి, తర్వాత మా జైలుకే తెస్తారు. ఇంత దేశంలో తల్లికి చూపించడానికి జైలే ఎందుకు దొరుకుద్దో నాకు ఇప్పటికీ తెలీలేదు.

నా పని డెక్‌హ్యాండ్. పడవకి మోకు కట్టడం, విప్పడం, జనాన్ని ఎక్కించడం, లెక్కపెట్టడం, సంచులు చూడ్డం. ఇరవై రెండేళ్ళు చేశాను.

యెస్ అనకండి

రత్నానికి నర్సు ఉద్యోగం వస్తే ఆవిడ వెనకాల నేనూ వచ్చాను. అప్పటికి నాకు ఇంగ్లీషులో వచ్చిన మాట ఒకటే, యెస్. మా కెప్టెన్ పేరు గస్. గెడ్డం ఉంటది, నవ్వు ఉండదు. పనికి వెళ్తే ఏవేవో అడిగాడు. అన్నిటికీ యెస్ అన్నాను. తర్వాత రత్నం కనుక్కుని చెప్పింది, అందులో ఒకటి "నీకు నీళ్ళంటే భయమా?" అని, ఇంకోటి "ఇంతకు ముందు పనిలోంచి నిన్ను తీసేశారా?" అని.

అయినా నాకు పని ఎలా ఇచ్చాడంటే, ఆయన మాట్లాడతా ఉండగా పడవ గాలికి రేవు నించి జరిగిపోతంది. కట్టేవాడు మోకు విసిరితే రెండుసార్లు నీళ్ళలో పడింది. నేను వాడి చేతిలోంచి తీసుకుని ఒక్క విసురు విసిరాను. మోకు ఉచ్చు పోయి ఇనప గుంజకి పడింది. కెప్టెన్ నా వైపు చూసి టోపీ సర్దుకున్నాడు. ఆఖరి రోజు దాకా ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ టోపీ సర్దుకోవడమే. పడవ నడపడంలో అంతటోడు లేడండి, కానీ మంచి మాట నోట్లోంచి రావాలంటే ఆయనకి పన్ను పీకినట్టుంటది. అలాంటి బాసు దొరికితే భయపడకండి. అర్థం కానప్పుడు యెస్ అనడం మాత్రం మానెయ్యండి. "నో" అనండి, లేకపోతే "వాట్" అనండి.

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉంది. తప్పు చేస్తే పసుపు చీటీ. మూడు చీటీలైతే దీవి పడవ నించి దింపేస్తాడు. నాకు రెండొచ్చాయి. ఆ రెండూ కూడా చెప్తాను, దాచుకోడానికి ఏముంది.

మంకీ టోపీలు

మొదటిది లెక్క తప్పినందుకు. దీవి నించి తిరిగొచ్చే ఆఖరి పడవలో ఒక్క మనిషి కూడా వెనకాల ఉండకూడదు. చేతిలో నొక్కే లెక్క మిషను ఉంటది. మనిషి ఎక్కితే ఒక నొక్కు. ఆ రోజు మనోళ్ళ గుంపొకటి వచ్చింది. పెద్దాయనలందరికీ ఒకటే బూడిదరంగు మంకీ టోపీ, ఒకటే స్వెట్టరు, ఒకటే తెల్ల బూట్లు. ఒకే కొట్లో కొనుక్కున్నట్టున్నారు. ఒకాయన ఎక్కి, కళ్ళజోడు మర్చిపోయానని దిగి, మళ్ళీ ఎక్కాడు. నేను రెండుసార్లు నొక్కాను. లెక్క సరిపోయింది, పడవ కదిలింది.

సగం దూరం వచ్చాక ఆ పెద్దాయనే అన్నాడు, "ఏవండీ, మా ఆవిడ కనపట్టం లేదు."

వెనక్కి తిప్పాం. ఆవిడ రేవు దగ్గర బల్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. నేను పరిగెత్తుకెళ్ళి "అమ్మా, భయపడ్డారా?" అన్నాను.

"నాకెందుకు భయం బాబూ? నలభై ఏళ్ళలో ఇంత నిశ్శబ్దం నేను ఎరగను. ఇంకో గంట ఆగి రాకపోయారా?" అంది.

ఆవిడకి బాగానే ఉంది, నాకే చీటీ వచ్చింది. టోపీని కాదు, మొహాన్ని లెక్కపెట్టాలి. అదీ నేర్చుకున్నది.

మంచం కింద వెతికిన జనం

రెండో చీటీ నా నోటి వల్ల. దీవి మీద రేంజరమ్మ ఉంటది, దీవిని కాపాడే సర్కారు మనిషి. పేరు మార్తా. ఆకుపచ్చ బట్టలు, పెద్ద అంచు టోపీ, నడుముకి తాళాల గుత్తి. ఆవిడ వస్తంటే మెట్ల మీద ముందు గుత్తి చప్పుడు వినపడతది. జైలు గురించి ఉన్నదున్నట్టు చెప్పుద్ది, ఎక్కువా లేదు తక్కువా లేదు. నా కర్మ కొద్దీ ఒక రోజు మన తెలుగోళ్ళకి తెలుగులో చెప్పమని నన్ను నించోబెట్టింది.

ఆవిడ ఇంగ్లీషులో ఒక ముక్క చెప్తే నేను తెలుగులో పది చెప్పాను. జనం నోరు తెరుచుకుని వింటంటే ఎవరికైనా ఊపొస్తది కదండీ. ఒక ఖైదీ చెంచాతో గోడ తవ్వి, ఆ మన్ను జేబులో పోసుకుని, నాలుగేళ్ళు రోజూ కొంచెం సాంబారులో కలిపేశాడని చెప్పాను. అమెరికా జైల్లో సాంబారు ఎవరు పెడతారని ఒక్కరూ అడగలేదు. ఆ కన్నం ఇప్పటికీ మంచం కింద ఉందని కూడా అన్నాను.

మార్తా తిరిగి చూసేసరికి పధ్నాలుగు మంది మంచాల కింద దూరి ఉన్నారు. కాళ్ళు మాత్రం బయటికి ఉన్నాయి.

"నూక్," అంది. నా పేరు నూకరాజు, ఆవిడకి అంతే తిరుగుద్ది. "వీళ్ళేం వెతుకుతున్నారు?"

చెప్పాల్సొచ్చింది. ఆవిడ అరవలేదు. "తెలిసింది చెప్పు. తెలీకపోతే తెలీదని చెప్పు. నేను అబద్ధం రాయను, నీ చేత చెప్పించను" అంది. వెళ్ళి కెప్టెన్‌కి జరిగింది జరిగినట్టు చెప్పింది. చీటీ వచ్చింది. అప్పుడు కోపం వచ్చిందండి. తర్వాత ఆ నిజమే నన్ను కాపాడింది. అది చెప్తాను.

పోపు వేసిన షుగర్ మందు

అప్పటికి నేను రిటైరు కావడానికి ఇంకా ఆరు వారాలు ఉన్నాయి. మూడో చీటీ పడితే ఆ ఆరు వారాలూ ఒడ్డున చెత్త డబ్బాల దగ్గర. ఇరవై రెండేళ్ళు తొక్కిన పడవ నించి దింపేస్తే నలుగురిలో ఎలా ఉంటదో మీరే చెప్పండి. ఆఖరి రోజు నా చేత్తో మోకు విప్పి, నా కాళ్ళతో దిగాలని నా కోరిక. అందుకని ఒళ్ళు దగ్గరపెట్టుకుని ఉన్నాను.

అది పక్షులు గుడ్లు పెట్టే కాలం. అప్పుడు నియమాలు గట్టిగా ఉంటాయి. తినేది ఏదున్నా దీవి రేవు దగ్గర బల్లల మీదే తినాలి. రేవు దాటి పైకి మంచినీళ్ళు తప్ప ఇంకేం తీసుకెళ్ళకూడదు. అన్నం మెతుకు పడితే ఎలకలొస్తాయి, ఎలకలొస్తే గుడ్లు పోతాయి. పక్షికి మనం తిండి పెట్టామంటే అది మరీ పెద్ద తప్పు. పడవ ఎక్కేచోటే నేను సంచులు చూసి, తిండి ఉంటే ఆ మాట చెప్పాలి.

ఆ రోజు పొద్దుటి పడవకి ఒక పెద్దావిడ వచ్చింది. అనసూయమ్మ గారని, తెనాలి. పక్కన కొడుకు ప్రవీణ్, దూరంగా ఇర్వింగ్ అనే ఊళ్ళో సాఫ్ట్‌వేర్. ఆ అబ్బాయి తల ఫోన్‌లోంచి ఎత్తట్లేదు.

"అమ్మా, సంచిలో తినేవి ఉన్నాయాండి?" అన్నాను.

"మందులు నాయనా. షుగర్‌కి" అంది.

ఇంగువ వాసన గుప్పుమంది. వేయించిన వేరుశనగ పప్పు, కరివేపాకు, ఎండుమిరపకాయ. పోపు వేసిన షుగర్ మందు నేనెక్కడా చూళ్ళేదండి. సంచి తెరవమని నోటి దాకా వచ్చింది. అంతలో ఆవిడ "మీదే ఊరు బాబూ?" అంది.

"ఉప్పాడ వైపండి."

"అయ్యో, మన ఆంధ్రావాళ్ళే! ఇంత దూరమొచ్చి ఎంత చలిలో నించున్నావయ్యా! చెవులకి గుడ్డ కట్టుకో నాయనా."

అయిపోయింది. చెవులకి గుడ్డ కట్టుకోమన్న మనిషిని సంచి తెరవమని ఎలా అడుగుతారండి? మొహమాటం. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. ఈ పనిలో గాలికన్నా, కెరటం కన్నా మన తెలుగోళ్ళని ముంచేది మొహమాటమే. తెల్లవాడి సంచి అయితే రెండు సెకన్లలో తెరిపించేవాణ్ణి. ఆవిణ్ణి పంపించేశాను.

అది చాలదన్నట్టు పడవలో ఆవిడ అడిగినవన్నిటికీ జవాబు చెప్పాను.

"జైల్లో గదులు తెరిచే ఉంటాయా బాబూ?"

"ఫోటోల కోసం ఒకటి ఉంటదండి. పైన మూలది."

"తలుపు పడతదా?"

"పడతదండి. పడితే మళ్ళీ రాదు, తుప్పు. రేంజరమ్మ దగ్గర ఇనప కడ్డీ ఉంటది, దాంతో ఎత్తితేనే వస్తది. అందుకే గొలుసేసి వెనక్కి కట్టారు."

"గొలుసుకి తాళం ఉంటదా?"

"లేదండి, కొక్కెమే."

ఆవిడ తృప్తిగా తల ఊపింది. జైలు మీద ఎంత ఆసక్తో పెద్దావిడకి అనుకున్నాను. నా తెలివి అంత.

తలుపు పడింది

దీవి దగ్గర దింపేశాక పడవ నలభై నిమిషాలు ఆగుద్ది. నాకు కాలు నిలవలేదు. ముక్కులో ఇంగువ అలాగే ఉంది. కెప్టెన్‌తో బాత్రూమ్‌కని చెప్పి మెట్లెక్కాను.

పైన మూల గది దగ్గరికి వెళ్ళేసరికి తల్లీకొడుకుల గొడవ వినపడతంది.

"ఒక్క ముద్ద నాయనా. ఒక్క ముద్ద తిని రెండు నిమిషాలు కూర్చో."

"అమ్మా, ప్లీజ్. నేను కాల్‌లో ఉన్నా. నా మేనేజర్ లైన్‌లో ఉన్నాడు."

"మేనేజర్‌ని కూడా కూర్చోమను. సిద్ధాంతి గారు ఏమన్నారో మర్చిపోయావా? ఈ ఏడాది నీకు జైలు యోగం ఉంది! నీ అంతట నువ్వే ముందు జైలుకెళ్ళి కూర్చుని ఒక ముద్ద తినేస్తే అక్కడితో పోతుందన్నారు."

అప్పుడు అర్థమైందండి. మా వైపు కూడా చేసేవాళ్ళు. జాతకంలో జైలు ఉందంటే, ఏ పోలీస్ స్టేషన్‌లోనో తెలిసినవాళ్ళని పట్టుకుని కాసేపు లోపల కూర్చుని ఓ ముద్ద తినొచ్చేవారు. ఇంక జైలు బాకీ తీరిపోయినట్టే. ఆవిడ దీవి చూడ్డానికి రాలేదు. కొడుకుని జైల్లో పెట్టడానికి వచ్చింది.

"వీసా స్టాంపింగ్ ఉంది. ఈ సంవత్సరం ఏదన్నా అయితే?" అంది ఆవిడ. "మీ నాన్న పోయాక నాకెవరున్నార్రా? నీకు నవ్వులాటగా ఉంది. నాకు అయిదు నెలలుగా అన్నం దిగట్లేదు."

ఆ మాటకి అబ్బాయి కాల్ మ్యూట్ చేసి గదిలోకెళ్ళి మంచం మీద కూర్చున్నాడు. ఆవిడ స్టీలు డబ్బా మూత తీసి వాడి పక్కన పెట్టింది. నలుగురికి సరిపోయే పులిహోర. తను బయటికొచ్చి, వెనక్కి తిరిగి నించుని, కళ్ళు మూసుకుని ఏదో శ్లోకం మొదలెట్టింది. ఊచల వెనక కొడుకుని కన్నతల్లి చూడకూడదని సిద్ధాంతి చెప్పాడంట. చెయ్యి మాత్రం వెనక్కి పెట్టి గొలుసు కొక్కెం తీస్తంది.

నేను గదిలోకి దూకాను. నా ఆలోచన ఏంటంటే, డబ్బా లాక్కుని కిందకి పరిగెత్తాలని. అదే సమయానికి ఫోన్‌లో మేనేజర్ ప్రవీణ్‌ని పేరు పెట్టి పిలిచాడు. ఆ అబ్బాయి "యా, యా, ఐ యామ్ హియర్" అనుకుంటా సిగ్నల్ కోసం గదిలోంచి బయటికి నడిచాడు.

ఆవిడ "స్వాహా" అని తలుపు తోసింది.

తలుపు పడింది. లోపల నేను, పులిహోర.

"అయిందా నాయనా? తిన్నావా?" అంది ఆవిడ, అటు తిరిగే.

"అమ్మా," అన్నాడు ప్రవీణ్ ఆవిడ పక్కనుంచి. ఆవిడ ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. "నువ్వు బయటెందుకున్నావురా? లోపలెవరు?"

"నేనండి, పడవ నూకరాజుని" అన్నాను.

"నువ్వెందుకయ్యా దూరావు మధ్యలో! పక్కకి జరుగు, వాణ్ణి రానీ."

"జరగడం కాదండి, తలుపు రాదు. నేనే కదా చెప్పాను మీకు."

ప్రవీణ్ లాగాడు, నేను తోశాను. కదల్లేదు. ఆ గదికి పైన ఒక చిన్న కిటికీ, దానికి అద్దం లేదు. అందులోంచి ఒక తెల్ల సీగల్ తల లోపలికి పెట్టి చూస్తంది. నా వైపు కాదు, డబ్బా వైపు. అదే టైముకి కింద మెట్ల మీద తాళాల గుత్తి చప్పుడు.

ఆలోచించండి నా పరిస్థితి. సీగల్ ఒక్క మెతుకు తిన్నా పక్షికి తిండి పెట్టిన కేసు. డబ్బా కనపడితే పైకి తిండి తెచ్చిన కేసు. దాచుదామంటే ఆ గదిలో ఇనప మంచం, గిన్నె లాంటి సింకు తప్ప ఏం లేవు. మంచం కింద దాచితే జనం అక్కడే వెతుకుతారని నాకు తెలుసు. ఇంక మిగిలిన దారి ఒక్కటే.

తిన్నానండి. రెండు చేతులా తిన్నాను. పులిహోర బ్రహ్మాండంగా ఉంది, అది ఒప్పుకోవాలి. చింతపండు పులుసు సరిగ్గా పట్టింది. కానీ ఎండుమిరపకాయలు ఏరే టైము లేదు, అవీ నమిలాను. కళ్ళల్లో నీళ్ళు కారతన్నాయి.

"నెమ్మదిగా బాబూ, పొలమారుతుంది" అంటంది అనసూయమ్మ గారు. అంతలోనే గుర్తొచ్చి, "అయ్యో, వాడి ముద్ద కూడా తినేస్తున్నాడు! ఆపవయ్యా! ఒరే, నీ యోగమంతా ఆయనే తినేస్తున్నాడురా!"

మార్తా ఊచల దగ్గరికి వచ్చేసరికి డబ్బా ఖాళీ. నా బుగ్గలు నిండుగా ఉన్నాయి. మూతికి పసుపు. మూత మీద రెండు పప్పులుంటే అవి కూడా ఆవిడ చూస్తండగానే ఏరుకుని నోట్లో వేసుకున్నాను. సీగల్ కోపంగా ఒక అరుపు అరిచి ఎగిరిపోయింది.

"నూక్," అంది మార్తా. "ఏం చేస్తున్నావ్?"

మింగడానికి చాలాసేపు పట్టింది. మింగి, "లంచ్" అన్నాను.

ముద్ద ఎవరు పెట్టాలి

మార్తా కడ్డీతో తలుపు ఎత్తింది. నేను బయటికొచ్చాను. అబద్ధం చెప్పొచ్చు. మంచాల కింద కాళ్ళు గుర్తొచ్చాయి. మానేశాను.

"నాకు పడవ దగ్గరే వాసనొచ్చింది. సంచి తెరవలేదు. పెద్దావిడ. సిగ్గేసింది" అని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఈ లోపల అనసూయమ్మ గారు ఏడుపు మొదలెట్టింది. ఎందుకేడుస్తందని మార్తా అడిగింది. అదీ చెప్పాను: "బ్యాడ్ టైం ఫర్ సన్. జైల్ కమింగ్. నౌ సిట్ జైల్, ఈట్ జైల్ ఫుడ్, ఫినిష్." ప్రవీణ్ సిగ్గుతో గోడవైపు తిరిగిపోయాడు. మళ్ళీ కాల్‌లో ఉన్నట్టు నటిస్తన్నాడు. ఫోన్ తలకిందులుగా పట్టుకున్నాడు.

మార్తా నవ్వుద్దేమో అనుకున్నాను. నవ్వలేదు. ఒక ప్రశ్న అడిగింది. నేను దాన్ని తెలుగులో చెప్పాను. "ఆ ముద్ద ఎవరు పెట్టాలంట అమ్మా?"

అనసూయమ్మ గారు ముక్కు తుడుచుకుంది. "జైలు వాళ్ళే పెట్టాలన్నారు. జైలు వాళ్ళ చేతి ముద్ద అయితేనే లెక్కంట."

"మరి మీరెందుకు తెచ్చారండి?"

"ఇక్కడ జైలు మూసేశారు కదా బాబూ, వంటవాళ్ళుండరు పాపం అని నేనే చేసుకొచ్చా."

అంటే నేను కళ్ళల్లో నీళ్ళు కార్చుకుంటా తిన్న పులిహోర ఎందుకూ పనికిరాదంట. వాడు తిన్నా లెక్కలోకి రాదంట.

మార్తాకి చెప్పాను. ఆవిడ టోపీ సర్దుకుని, "కిందకి రండి" అంది.

రేవు దగ్గర, తినడానికి బల్లలున్నచోట, పాత కాపలా గది ఒకటి ఉంది. కొత్త ఖైదీ దిగితే ముందు అందులో పెట్టేవారంట. దానికీ ఊచలున్నాయి. అది రేవు మీదే ఉంది కాబట్టి అక్కడ తినొచ్చు. ఇరవై రెండేళ్ళు దాని పక్కనే మోకు కట్టాను, నాకు తట్టలేదు. మార్తా తాళం తీసి ప్రవీణ్‌ని లోపల కూర్చోబెట్టింది. తన లంచ్ డబ్బా తెచ్చి సగం శాండ్‌విచ్ తీసింది.

"అందులో మాంసం ఉందేమో అడుగు బాబూ" అంది అనసూయమ్మ గారు.

"పీనట్ బటర్ అమ్మా. పల్లీల ముద్ద."

"ముద్దే అన్నారు సిద్ధాంతి గారు కూడా" అంది ఆవిడ సంతోషంగా. "తూర్పు ఎటో కూడా అడుగు."

మార్తా నీటికాకుల గూళ్ళ వైపు చెయ్యి చూపించింది. ప్రవీణ్ ఆ వైపు తిరిగాడు. ఊచల్లోంచి మార్తా శాండ్‌విచ్ అందించింది. అనసూయమ్మ గారు అటు తిరిగి కళ్ళు మూసుకుంది. ఆ అబ్బాయి తిన్నాడు. సగం తిన్నాక వాడి మొహం మారింది. నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. "అమ్మా, అయిపోయింది. ఇంక నువ్వు అన్నం తిను" అన్నాడు.

మార్తా ఆ మాట ఏంటని నన్నడిగింది. చెప్పాను. మిగతా సగం శాండ్‌విచ్ తీసి ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ బల్ల దగ్గర కూర్చుని కొసదాకా తినేసింది.

పడవ ఎక్కేటప్పుడు నేను అలవాటు కొద్దీ "మళ్ళీ రండి అమ్మా" అన్నాను.

"జైలు దగ్గర మళ్ళీ రమ్మంటావేంటయ్యా!" అని నా నెత్తి మీద మొట్టికాయ వేసింది.

మూడో చీటీ

మార్తా అబద్ధం రాయదని చెప్పాను కదా. కెప్టెన్‌కి ఇలా రాసిచ్చింది. రత్నం చదివి చెప్పింది, నాకు కంఠతా వచ్చేసింది. "రేవు దాటి పైకి ఆహారం వచ్చింది. డెక్‌హ్యాండ్‌కి వాసన వచ్చినా సంచి తెరవలేదు. తర్వాత స్వయంగా పైకి వచ్చి ఆ ఆహారాన్ని ఒక్క మెతుకు మిగలకుండా తొలగించాడు. తొలగించిన పద్ధతి: తిన్నాడు. పక్షులకి ఏమీ దక్కలేదు."

కెప్టెన్ రెండుసార్లు చదివాడు. గెడ్డం కదిలింది. పసుపు చీటీల పుస్తకం తీశాడు, నా వైపు చూశాడు, బల్ల మీద పెట్టాడు.

"మిగిలిన ఆరు వారాలు మీవాళ్ళ సంచులన్నీ నువ్వే తెరవాలి. ప్రతి ఆంటీది. ఒక్కటి వదిలినా ఇది రాస్తాను" అన్నాడు.

చెత్త డబ్బాలే నయం అనిపించిందండి. ఆ ఆరు వారాల్లో నేను తిన్న తిట్లు ఇరవై రెండేళ్ళలో తినలేదు. "మన తెలుగోడివై ఉండి!" అన్నవాళ్ళున్నారు. ఒకావిడ సంచిలో గోంగూర పచ్చడి సీసా, ఒకావిడ సంచిలో జంతికలు, ఒకాయన కోటు లోపలి జేబులో ఇడ్లీ. చట్నీతో సహా. తెరవగా తెరవగా తెలిసింది, నవ్వుతా అడిగితే నూటికి తొంభై మంది తెరుస్తారు. మిగిలినోళ్ళు తిట్టి తెరుస్తారు. తిడితే ఏం కాదు. మొహమాటపడితే జైలు గదిలో నించుని ఎండుమిరపకాయలు నమలాలి.

ఆఖరి రోజు

ఆ రోజు జనం చాలామంది ఉన్నారు. వరసలో రత్నం కూడా వచ్చింది, పట్టుచీర మీద స్వెట్టరు వేసుకుని, చేతిలో సంచి. కెప్టెన్ పైనించి చూస్తన్నాడు.

"సంచి తెరవండమ్మా" అన్నాను.

"ఏంటీ?" అంది.

"సంచి."

"ముప్పై ఏళ్ళ కాపురంలో నా సంచి తెరిచే ధైర్యం చేశావా ఎప్పుడన్నా?"

"తెరువు రత్నం. వెనకాల జనం ఉన్నారు."

తెరిచింది. పెద్ద స్టీలు డబ్బా, పులిహోర. "రేవు మీదే తినాలి, పైకి తీసుకెళ్ళకూడదు" అన్నాను గట్టిగా, అందరికీ వినపడేలాగ. పైన కెప్టెన్ టోపీ సర్దుకున్నాడు. నాకు తెలిసి అది రెండోసారి.

రేవు మీద బల్ల దగ్గర కెప్టెన్, మార్తా, రత్నం, నేను, నలుగురం కూర్చుని తిన్నాం. మార్తాకి మిరపకాయలు ఏరి పెట్టాను. తింటంటే ఫోన్ మోగింది, అనసూయమ్మ గారు, ఇర్వింగ్ నించి. ఆ రోజు పడవలో నా నంబరు తీసుకున్న ప్రవీణ్ నేను రిటైరవుతున్న సంగతి చెప్పాడంట. "బాబూ, స్టాంపింగ్ అయిపోయింది! మొన్న హైవే మీద పోలీసు ఆపాడు కూడా. స్పీడు వెళ్ళాడంట. టికెట్ ఇచ్చి వదిలేశాడు. పోలీసు దాకా వచ్చి ఆగిపోయింది చూశావా? ఆ తల్లి చేతి ముద్ద మహిమ!" అని, గొంతు తగ్గించి, "మరి నువ్వు ఆ డబ్బా అంతా తిన్నావు కదా, నీకేం కాలేదు కదా నాయనా?" అంది.

"నాకేమవుతదండి. ఇరవై రెండేళ్ళు జైలు దగ్గరే ఉన్నాను. ఈ రోజే విడుదల" అన్నాను.

ఆ సాయంత్రం మోకు నేనే విప్పాను, నా కాళ్ళతోనే దిగాను. మార్తా చెయ్యి ఊపుతా "కమ్ బ్యాక్" అంది. జైలుకి తిరిగొస్తానని అనకూడదని తెలుసు, మొట్టికాయ కూడా గుర్తే. అయినా "వెళ్ళొస్తానండి" అనేశాను.

ఇంతేనండి నాకు తెలిసింది. ఇందులో దీర్ఘాలు పోయినచోట, ఒత్తులు ఎక్కువైనచోట, పెద్దోళ్ళు, చదువుకున్నోళ్ళు కోపం తెచ్చుకోకండి. నేను మెతుకులైతే ఒక్కటి వదలకుండా ఏరగలను కానీ అక్షరాల్లో తప్పులు ఏరలేను. మీకు కనపడితే మీరే ఏరి పక్కన పెట్టి, నన్ను మన్నించండి.